మోనోగ్రాం వెనక పేలాలు

మోనోగ్రాం ఊడదీయడం చేతకానివాడు బండికి స్టిక్కర్ వేస్తానంటే నాకు ఒళ్ళు మండుతుంది. బానెట్ మీద కంపెనీ గుర్తు, వెనక డోరు మీద మోడల్ పేరు, పక్కన మెరిసే అక్షరాలు, వీటన్నిటినీ మా ఆటోనగర్‌లో మోనోగ్రాంలంటారు. అవి ఉండగానే వాటి చుట్టూ బ్లేడుతో కోసి వినైల్ అతికించే ఘనులు మా వీధిలోనే ఉన్నారు. ఒక్క వానాకాలం గడిచిందంటే ఆ కోసిన చోటు నుంచి నీళ్ళు దిగి స్టిక్కర్ అప్పడంలా లేస్తుంది. అప్పుడు ఆ బండివాడు మా షాపుకొచ్చి స్టిక్కర్ల వాళ్ళంతా దొంగలేనని నా మీద అరుస్తాడు. చేసింది ఒకడు, తిట్లు తినేది నేను.

తొంభైల్లో మాది రేడియం షాపు. మా ఆయన నంబర్ ప్లేట్లు రాసేవాడు, నేను రేడియం కాగితం మీద అక్షరాలు కోసేదాన్ని. ఆటోల వెనక పిల్లల పేర్లు, లారీల నుదుట దేవుళ్ళ పేర్లు, 786లు, శిలువలు, అన్నీ నా బ్లేడు కింద నుంచి వెళ్ళినవే. ముస్లిం ఇంటి కోడలు షాపులో కూర్చుని ఊళ్ళో మగాళ్ళ బళ్ళన్నీ తుడవడమేమిటని మొదట్లో మా చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. తర్వాత వాళ్ళే తమ స్కూటర్లు తెచ్చి నా చేత పేర్లు వేయించుకున్నారు, అదీ ఊరికే. రెండువేలు దాటాక కంప్యూటర్‌తో కోసే మిషన్ వచ్చింది. దాని వెనకే బండి మొత్తానికి చుట్టే వినైల్ వచ్చింది. మిషన్ అక్షరాలు కోస్తుంది గానీ మోనోగ్రాం ఊడదీయదు కదా. ఆ పని నాకు మిగిలింది.

హెయిర్ డ్రయ్యర్‌తో ముందు వేడి చేయాలి. వేడెక్కువైతే రంగు లేస్తుంది, తక్కువైతే జిగురు కదలదు. చెయ్యి పెడితే అప్పుడే దించిన అన్నం గిన్నె మూతలా ఉండాలి. అప్పుడు గాలానికి కట్టే నైలాన్ దారం మోనోగ్రాం వెనక్కి దూర్చి, రెండు చేతులా అటూ ఇటూ రంపంలా లాగాలి. ఆ దారం నేను బందరు వైపు చేపల పని చేసేవాళ్ళ దగ్గర్నుంచే తెప్పించేదాన్ని, బజారులో దొరికేది రెండు లాగులకే తెగుతుంది. ముక్క ఊడి చేతిలోకి వచ్చాక మిగిలిన జిగురుని కిరసనాయిలు గుడ్డతో రుద్ది తీసేయాలి. ఎంత రుద్దినా అక్కడొక నీడ మిగులుతుంది. చుట్టూ రంగు ఎండకి వెలిసిపోతుంది, మోనోగ్రాం కింద మాత్రం బండి కొన్న నాడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఆ నీడ చూడటం నాకెప్పుడూ ఇష్టం ఉండేది కాదు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన చాప మీద కూర్చున్నట్టు ఉంటుంది.

ఒక మే నెలలో, స్కూళ్ళు తెరవబోయే ముందు, ఒకతను తెల్ల వ్యాను తీసుకుని వచ్చాడు. కంకిపాడు దాటాక కాలవ గట్టు పట్టుకుని లోపలికి వెళ్ళే ఊళ్ళలో అతనిదొకటి. నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకున్న తీరు, మాట, అన్నీ నెమ్మదిగా ఉన్నాయి. బండి షాపు ముందు ఆపినప్పుడు ఆగిన సంగతి కూడా నాకు తెలియలేదు. తల ఎత్తేసరికి ఎదురుగా ఉంది.

"వేలంలో కొన్నానక్కా, స్కూలు పిల్లల్ని తిప్పుకుందామని. మొత్తం పసుపు చేసేయండి. పాత గుర్తులు ఏవీ కనపడకూడదు" అన్నాడు.

రంగు కొట్టించుకోవచ్చు కదా అన్నాను. రంగైతే ఆరేసరికి స్కూళ్ళు తెరిచేస్తారట. సరే, మనకొచ్చిన బేరం మనం ఎందుకు చెడగొట్టుకోవాలని డ్రయ్యర్ అందుకున్నాను.

వెనక అక్షరాలు తేలిగ్గానే వచ్చాయి. ముందు మోనోగ్రాం మాత్రం మొండికేసింది. అది పెద్దది, వెనక గుల్లగా ఉండే రకం. దారం సగం దాకా వెళ్ళి దేనికో తట్టుకుని ఆగుతోంది. విసుగొచ్చి గట్టిగా లాగాను. మోనోగ్రాం ఊడి వచ్చింది, దానితోపాటు ఏవో జలజలా నా పాదాల మీద రాలాయి.

ముందు పురుగులనుకున్నాను. వంగి చూస్తే పేలాలు. పొగకి నల్లబడి, నూనె పట్టి, ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. వాటిలో ఎర్రటి రంగుపొడి కలిసి ఉంది. లోపల జిగురుకి ఒక రూపాయి నాణెం అతుక్కుని ఉంది, దారం తట్టుకున్నది దానికే.

శవం ముందు పేలాలూ చిల్లరా రంగుపొడీ చల్లుకుంటూ వెళ్ళడం బెజవాడలో చూడనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకి ఎవరూ పేలాలు చల్లరు. చావు కబురు వింటే మేమనే ఇన్నాలిల్లాహి నా నోటి నుంచి నాకు తెలియకుండానే వచ్చింది. భయమేస్తే నాకు ముందు కోపమొస్తుంది.

"ఇది శవాల బండా?" అన్నాను.

"మెల్లగా అక్కా" అన్నాడతను. చుట్టూ చూసి, దగ్గరికొచ్చి, చేతులు జోడించినంత పని చేశాడు. "తెలిస్తే ఒక్క తల్లి కూడా పిల్లని ఎక్కించదు. నాకున్నదంతా దీని మీదే పెట్టాను. బతికున్న మనుషుల్ని తిప్పుకుని బతుకుదామని అక్కా, అంతే."

మా ఆయన బ్రష్షు పక్కన పెట్టి లేచి వచ్చాడు. ఆయనకి ఇలాంటివి పట్టవు. "కబరస్తాన్ దాకా జనాజా మోసిన భుజం మీదే ఇంటికెళ్ళి పిల్లల్ని ఎక్కించుకుంటాం. భుజాన్ని కోసి పారేస్తామా?" అన్నాడు.

"నీకేం, ప్లేటు మీద నంబరు రాసి కూర్చుంటావు. దాని పొట్టలో చెయ్యి పెట్టింది నేను" అన్నాను. అన్నాను గానీ పని మానలేదు. ఆ మనిషి నేల మీద కూర్చుని పేలాలు ఏరుతున్నాడు. చీపురు ఇస్తానంటే వద్దన్నాడు. ఒక్కొక్కటీ ఏరి రుమాలులో కట్టుకుని, నాణెం తుడిచి అందులోనే వేసి, జేబులో పెట్టుకున్నాడు. అంత జాగ్రత్త ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

బండి కడిగి తుడిచాక పొద్దున వెలుగులో బాగానే కనపడింది. ఎండ పడమటికి తిరిగి ఏటవాలుగా పడ్డాక పక్క రేకు మీద ఏదో లేచింది. నేను పక్కకి ఒరిగి చూశాను. వైకుంఠ రథం అని బారెడు అక్షరాలు. ఎవడో సోమరి పెయింటరు పాత అక్షరాలు తీయకుండానే పైన తెల్ల రంగు కొట్టేశాడు. వాడికి శాపనార్థాలు పెట్టి, గరుకు నీళ్ళ కాగితంతో రుద్ది, పుట్టీ పెట్టి, నున్నగా చేసి, పసుపు వినైల్ చుట్టాం. మా ఆయన పైనుంచి పట్టుకుంటే నేను రబ్బరు బద్దతో కింది దాకా గాలి లేకుండా నొక్కాను. అంత మంచి పని ఆ ఏడాది చేయలేదు.

మర్నాడు సాయంత్రం చూస్తే పసుపు కింద నుంచి అక్షరాలు పైకి వచ్చాయి. అన్నీ కావు. మొదట 'వై' స్పష్టంగా, మిగతావి కళ్ళు చికిలిస్తే. పుట్టీ పూర్తిగా ఆరక ముందే నేను తొందరపడ్డాను, ఆరాక అది కుంగింది, అంతే. కారణం నాకు తెలుసు. తెలిసినా, ఎవరో లోపలి నుంచి రేకుని వేలితో తోస్తున్నట్టు అనిపించి ఆ వైపు వీపు పెట్టి నిలబడలేకపోయాను. అంతా పీకేసి మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఈసారి రేకు కనపడేదాకా రుద్దాను. వేళ్ళ చర్మం లేచిపోయింది. ఆ అక్షరాలు మళ్ళీ రాలేదు.

బండి ఇచ్చేటప్పుడు వెనక 'హారన్ ప్లీజ్' వేయమంటారా అని అడిగాను. వద్దక్కా అన్నాడు. ఎలా వచ్చిందో అలాగే, చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది బండి.

చలికాలం వచ్చింది. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు ట్రాక్టర్లు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం అతను మళ్ళీ వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఒకసారి చూడండక్కా. మనకి కనపడనిది ఏదో జనానికి కనపడుతోంది" అన్నాడు.

ఏమైందంటే చెప్పాడు. పిల్లలు బాగానే ఎక్కుతున్నారు. కానీ బండి ఊళ్ళలోకి వెళ్తే టీ కొట్టు దగ్గర కూర్చున్న ముసలివాళ్ళు లేచి నిలబడుతున్నారు. సైకిలు మీద వెళ్ళేవాళ్ళు దిగి పక్కకి జరుగుతున్నారు. ఒకాయన తలకి చుట్టుకున్న తువ్వాలు తీశాడట. ఎవరూ ఏమీ అనరు. బండి వెళ్ళాక మళ్ళీ కూర్చుంటారు.

"అక్షరాలు లేచాయేమో అక్కా. ఎండ ఒక వైపు నుంచి పడితే కనపడుతున్నాయేమో."

నా పనికి వంక పెడితే నేను ఊరుకునే రకం కాదు. బండి చుట్టూ తిరిగాను. నేల మీద కూర్చుని చూశాను, స్టూలెక్కి చూశాను, తడి గుడ్డ వేసి చూశాను. కళ్ళు మూసుకుని అరచేత్తో రేకంతా తడిమాను. అద్దంలా ఉంది. "పదండి, నేనే వచ్చి చూస్తా. మీ ఊరివాళ్ళ కళ్ళల్లో ఏముందో" అని ముందు సీటులో ఎక్కి కూర్చున్నాను. మా ఆయన నవ్వుతూ చెయ్యి ఊపాడు.

బందరు రోడ్డు మీద అంతా మామూలే. బస్సులు, ఆటోలు, దుమ్ము. కంకిపాడులో స్కూలు వదిలారు. పిల్లలు సంతలా ఎక్కారు. బ్యాగులు విసురుకున్నారు, జడలు పీక్కున్నారు, కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్నారు. నాకు హాయిగా అనిపించింది. ఈ గోల ముందు ఏ దయ్యం నిలుస్తుంది అనుకున్నాను.

కాలవ గట్టు మీదకి తిరిగాం. గోల తగ్గింది. కాసేపటికి అసలు లేదు. వెనక్కి తిరిగి చూశాను.

పిల్లలంతా నిద్రపోతున్నారు. ఒకరి భుజం మీద ఒకరు, ఒకరి ఒళ్ళో ఒకరు, నోళ్ళు తెరుచుకుని. పసుపు వినైల్ కిటికీ అంచుల మీద కూడా ఉంది కదా, ఆ వెలుగు వాళ్ళ మొహాల మీద పడి ఒంట్లో నెత్తురు లేనట్టున్నారు. గట్టు రోడ్డు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు, అన్నీ గుంటలే. అయినా ఒక్క తల కూడా అటూ ఇటూ ఊగడం లేదు.

కల్వర్టు మీద కూర్చున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి లేచాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను అద్దంలోంచి ఆయన కళ్ళు ఎటు చూస్తున్నాయో చూశాను. బండి పక్క రేకు వైపు చూడటం లేదు. బండి దాటిపోయేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.

ముందు చెరుకు ట్రాక్టరు ఒకటి రోడ్డంతా ఆక్రమించుకుని పోతోంది. మా వాళ్ళెవరైనా అయితే ఈపాటికి హారన్‌తో ఊరు దద్దరిల్లించేవాళ్ళు. ఈయన దాని వెనకే, దాని నడకతో, చేతులు స్టీరింగ్ మీద కదలకుండా పెట్టి వెళ్తున్నాడు. ఆటోనగర్‌లో బయల్దేరిన దగ్గర్నుంచి ఈ బండి హారన్ నేను ఒక్కసారి కూడా వినలేదని అప్పుడు తట్టింది. బందరు రోడ్డు మీద కూడా కొట్టలేదు.

"హారన్ పనిచేయదా?" అన్నాను.

"చేస్తుందక్కా."

"మరి కొట్టరేం?"

మెల్లగా ఒక గుంట తప్పించాడు. తర్వాత రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"దీన్ని ఇన్నేళ్ళూ నడిపింది నేనేనక్కా. వేలం లేదు, ఏం లేదు. బెజవాడలో వ్యాపారస్తులు కొందరు కలిసి పెట్టుకున్న బండి ఇది. వాళ్ళు కొత్తది కొనుక్కున్నాక పాతది నాకే అమ్మారు. పెద్దాసుపత్రిలో పోయినవాళ్ళని ఈ ఊళ్ళన్నిటికీ నేనే తెచ్చేవాణ్ణి. ఇంటివాళ్ళు వెనకాలే కూర్చునేవాళ్ళు. హారన్ కొడితే ఉలిక్కిపడి మళ్ళీ ఏడుపు ఎత్తుకుంటారు. గుంటలో వేశామా, పోయినవాళ్ళ తల కదులుద్ది. తల కదిలితే ఆడవాళ్ళకి ప్రాణం ఉందనిపిస్తది అక్కా. ఇంక వాళ్ళని పట్టుకోవడం ఎవరివల్లా కాదు. అందుకని తల కదలకుండా తోలడం నేర్చుకున్నా. ఇప్పుడు చెయ్యి హారన్ మీదకి పొమ్మన్నా పోదు."

"మరి ఈ ఊళ్ళల్లో మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టలేదా?"

"ఏడ్చేవాళ్ళు డ్రైవర్ మొహం చూస్తారా అక్కా? గుర్తుపట్టేది బండినే" అన్నాడు. మళ్ళీ తనే, "ఈ పిల్లల్ని నేను ముట్టుకోను. తలుపు తీస్తా, దిగేవాళ్ళు దిగుతారు, నిద్రపోయేవాళ్ళని తల్లులొచ్చి దించుకుంటారు. నా చేతులు ఎందుకో వాళ్ళకి తగలకూడదనిపిస్తది" అన్నాడు.

నేను మళ్ళీ వెనక్కి చూశాను. ఎవరూ కదల్లేదు. ఇంజను చప్పుడు తప్ప బండిలో ఊపిరి చప్పుడు కూడా వినపడటం లేదు. నాకు నిజంగా భయం వేసింది, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. భయంతో ఏం చేశానో నాకే తెలియదు, పక్కకి వంగి అతని చేతుల మధ్య నుంచి హారన్ మీద అరచెయ్యి వేసి బలమంతా పెట్టి నొక్కాను.

పొలంలో కొంగలన్నీ లేచాయి. ట్రాక్టరువాడు ఉలిక్కిపడి పక్కకి జరిగాడు. వెనక ఒక పిల్ల ఏడుపు అందుకుంది, ఇద్దరు నవ్వారు, ఎవరి బ్యాగో కింద పడింది. ఒక్క క్షణంలో మళ్ళీ సంత. నాకు ప్రాణం లేచొచ్చింది.

కిటికీ పక్కన ఒక పాప మాత్రం లేవలేదు. రెండు జడలు, ఒళ్ళో టిఫిను డబ్బా. "పాపా, పాపా" అని పిలిచాను. పక్కనున్న పిల్ల కుదిపింది. తల మెత్తగా ఇటు ఒరిగింది, అంతే. అతను అద్దంలోంచి ఆ ఒరిగిన తల చూశాడు. నేను అతని మొహం చూశాను. అంత తెల్లబోయిన మొహం మళ్ళీ చూడలేదు.

బండి ఆగింది. అదే ఆ పాప దిగే చోటు. గట్టు మీద వాళ్ళమ్మ నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుండవు, బొట్టు లేదు, కుడి చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. చెరుకు కొట్టే పనిలో కోసుకున్నట్టుంది.

"ఎవరండీ హారన్ కొట్టింది? ఈ బండి హారన్ మేమెప్పుడూ వినలా" అంది నా వైపు చూసి, కోపంగానే.

"మీ పాప లేవట్లేదమ్మా" అన్నాను.

"అది ఈ బండెక్కితే ఇంతేలెండి" అని, అతని వైపు తిరిగింది. "నా చెయ్యి బరువు ఆనట్లేదు. ఇవాళ మీరే దించి ఇవ్వండి అన్నయ్యగారూ."

"నేను వద్దులేమ్మా. ఎవర్నన్నా పిలువు" అన్నాడతను. స్టీరింగ్ వదల్లేదు.

"అప్పుడు ఆయన్ని మీరే దించారుగా" అంది ఆమె.

అతను చప్పున ఆమె వైపు తిరిగాడు. ఆమె మామూలుగానే చెప్పుకుపోయింది, పక్కింటి సంగతి చెబుతున్నట్టు. "మా ఆయన్ని పెద్దాసుపత్రి నుంచి తెచ్చింది మీరే. ఆయన మొహం చూడలేక, ఇంకెక్కడ చూడాలో తెలీక, దారంతా అద్దంలో మీ మొహమే చూస్తా కూర్చున్నా. మర్చిపోతానా?"

"తెలిసే ఎక్కిస్తున్నావా?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"ఊళ్ళో తెలియందెవరికండీ? ఈయన రాని ఇల్లుందా? పసుపు వేయించుకొచ్చారు, చెప్పుకోవడం ఇష్టం లేదేమోనని ఎవ్వరం ఎత్తలా. పెద్దోళ్ళు మాత్రం లేవకుండా ఉండలేకపోతున్నారు."

"భయం వేయలేదా అమ్మా, పిల్లని పంపడానికి?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "భయమెందుకండీ? ఎవర్నైనా ఇంటికి తెచ్చేది ఈయనే కదా" అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

అతను దిగాడు. బండి చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీసి, లోపలికి వంగాడు. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి, కుదుపు లేకుండా పాపని పైకి లేపాడు. పిల్లల్ని ఎవరూ అలా ఎత్తుకోరు. బండిలో పిల్లలంతా నోళ్ళు మూసుకుని చూస్తున్నారు.

"తల జాగ్రత్తండీ" అంది తల్లి.

అతను తల ఊపి, ఒక్కొక్క అడుగే వేస్తూ, గట్టు దిగడం మొదలుపెట్టాడు. సగం దూరంలో ఆ పాప నిద్రలోనే ఇటు తిరిగి, చెయ్యి చాపి, అతని మెడ చుట్టూ గట్టిగా వేసింది.

అతను కేక పెట్టి ఉన్నచోటే కూలబడ్డాడు. పాపని మాత్రం వదల్లేదు. ఆ చేతుల్లో ఎవరూ ఎప్పుడూ కదిలి ఉండరు.